ఇల్లు మనది, మెట్లు ఎవరివి?

ప్రభుత్వం కట్టించి ఇచ్చిన ఇంటికి తాళంచెవి ఉంటుంది, మంజూరు పత్రం ఉంటుంది, ఆ పత్రం మీద లబ్ధిదారుని పేరు ఉంటుంది. ఆ ఇంటికి ఎక్కివెళ్ళే మెట్లకు, మెట్ల కింది మీటరు గదికి, గోడ వెంట సాగే మురికి కాలువకు, పిల్లలు ఆడుకోవలసిన ఖాళీ జాగాకు మాత్రం ఎవరి పేరూ ఉండదు. పేదల కాలనీలు గృహప్రవేశం జరిగిన మూడు నాలుగేళ్ళకే ముసలివైపోవడానికి చాలా కారణాలు చెబుతారు. సిమెంటు నాసిరకమంటారు, కాంట్రాక్టరు తిన్నాడంటారు, జనానికి శుభ్రత తెలియదంటారు. మొదటి రెండూ కొన్నిచోట్ల నిజం కావచ్చు. మూడవది సోమరి మాట. అసలు కారణం కాగితం మీదనే ఉన్నది: ఇంటి లోపలిది ఒకరికి అప్పగించారు, ఇంటి వెలుపలిది ఎవరికీ అప్పగించలేదు.

ఇందుకు మన రాష్ట్రంలో అన్నిటికంటె పెద్ద ఉదాహరణ సంగారెడ్డి జిల్లా కొల్లూరు. 2023 జూన్ 22న అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖర్ రావు ప్రారంభించిన ఆ డబుల్ బెడ్‌రూం కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్ళు ఉన్నాయి. భాగించి చూస్తే సగటున ఒక్కో బ్లాకులో 130కి పైబడి కుటుంబాలు. హైదరాబాద్ బస్తీలలో అద్దె గదులలో బ్రతుకుతున్నవారికి లాటరీలో పేరు వచ్చి, 560 చదరపు అడుగుల సొంత ఇల్లు దొరికింది. ఈ పథకంలో పట్టణాలలో 12 శాతం, గ్రామాలలో 7 శాతం ఇళ్ళు మైనారిటీలకు కేటాయించాలని మార్గదర్శకాలలో ఉన్నది గనుక మన కుటుంబాలు కూడా ఇటువంటి కాలనీలకు చేరినాయి. సంతోషించవలసిన విషయమే. కానీ లిఫ్టు ఆగిపోయిందని, చెత్త పేరుకుపోయిందని, నీళ్ళు పైఅంతస్తులకు ఎక్కడం లేదని అక్కడి నివాసుల మొరలు ఆ తరువాత పత్రికలలో పదేపదే వస్తూనే ఉన్నాయి. బస్తీలో ఇంటికి లిఫ్టు లేదు, కనుక లిఫ్టు చెడిపోయే కష్టమూ లేదు. తొమ్మిదవ అంతస్తులో మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకు లిఫ్టు ఆగిన రోజు ఇల్లే జైలు.

ఈ చిక్కు పథకం వేసినవారికి తట్టలేదని అనలేము. కాలనీలో దుకాణాలు కట్టి, వాటి అద్దెతో లిఫ్టులు, మోటార్లు, ఊడ్చేవారి జీతాలు నడిపించాలన్న ఆలోచన మొదటినుండీ ఉన్నది. ఆలోచన మంచిదే. అయితే దుకాణం అద్దెకు పోవాలంటే కాలనీలో జనం నిండాలి. జనం నిండాలంటే లిఫ్టు తిరగాలి, నీళ్ళు ఎక్కాలి. లిఫ్టు తిరగాలంటే దుకాణం అద్దె రావాలి. గానుగెద్దు తిరిగినట్లు ఈ లెక్క తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది.

ఇదే లెక్క అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒకసారి పూర్తిగా తిరిగి చూపింది. అక్కడ 1950వ దశకం నడుమ పేదల కోసం ప్రూయిట్ ఐగో అనే కాలనీ కట్టారు. పదకొండు అంతస్తుల భవనాలు 33. కట్టడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది; కట్టిన తరువాత బాగోగులన్నీ నివాసులు చెల్లించే అద్దెలోనుంచే చూసుకోవాలన్నది. కొంత బాగున్న కుటుంబాలు వెళ్ళిపోయినకొద్దీ అద్దె రాబడి తగ్గింది. రాబడి తగ్గినకొద్దీ లిఫ్టులు, దీపాలు, పైపులు పాడైనాయి. అవి పాడైనకొద్దీ మరికొందరు వెళ్ళిపోయినారు. మిగిలినవారు అత్యధికులు నల్లజాతి పేదలు. 1969లో వారు అద్దె చెల్లించమని సమ్మె కూడా చేశారు. చివరకు 1972లో ఆ భవనాలను పేల్చివేయడం మొదలుపెట్టి నాలుగేళ్ళలో నేలమట్టం చేశారు. కట్టి ఇరవై ఏళ్ళు కూడా నిండని ఇళ్ళవి. ఆ తరువాత చాలాకాలం ఆ దేశంలో వినిపించిన మాట ఏమిటి? ఆ జనానికి ఇళ్ళలో బ్రతకడం తెలియదు అన్నది. నిర్వహణకు నిధి పెట్టనివారి తప్పు నివాసుల నెత్తిన పడింది.

ఈ కథను ఇంత వివరంగా చెప్పడానికి కారణమున్నది. మన మొహల్లాల గురించి సరిగ్గా ఈ మాటే మనమూ వింటున్నాము. కాలువ పొంగితే అది పంచాయతీ పూడిక తీయనందువల్ల కాదు, అక్కడ ఉండేవారు తురకలు గనుక. ఈ మాట ముఖం మీద అనేవారు తక్కువ, కార్యాలయాలలో టీ తాగుతూ అనుకునేవారు ఎక్కువ. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలలో రోడ్లు, నీరు, పారిశుద్ధ్యం వంటి సదుపాయాలు కొరవడినాయన్న ఆవేదనను నమోదు చేసింది. సదుపాయం లేకపోవడం ముందు జరిగింది. మురికివాడ అన్న పేరు తరువాత వచ్చింది. ఈ వరుసను తలక్రిందులు చేసి చెప్పేవారికి మనం ప్రతిసారీ తారీఖులతో సహా జవాబు చెప్పవలసి ఉన్నది.

ఇక మన ఉట్నూర్ వైపు చూద్దాము. ఇక్కడ లిఫ్టుల గొడవ లేదు. వరుస ఇళ్ళు, వాటి మధ్య సిమెంటు దారి, ఒక బోరు, ఒక నీళ్ళ ట్యాంకు, కాలువ, నాలుగు వీధిదీపాలు, పార్కు అని ప్లానులో గీసి తుమ్మచెట్లకు వదిలేసిన ఒక జాగా. వానాకాలం వచ్చిందంటే ఏజెన్సీలో జ్వరాల కాలం వచ్చినట్లే. నిలిచిన నీటి పక్కన ఉన్న ఇంటికి ముందు వస్తుంది జ్వరం, ఆ ఇంటివారు గోండులా, లంబాడాలా, ముస్లింలా, దళితులా అని దోమ అడగదు. కాలువకు మూత లేదు, మూత ఉన్నచోట పూడిక ఉన్నది, పూడిక తీసినచోట దానిని ఒడ్డుననే పోసి వెళ్ళిపోతారు. రెండవ వానకు అది మళ్ళీ కాలువలోకే దిగుతుంది. మోటారు కాలిపోతే బాగుచేయించే డబ్బు ఎవరివ్వాలన్న వాదనలో వారం గడుస్తుంది. ఆ వారమంతా నీళ్ళు మోసేది ఆడవారు, వాదన చేసేది మగవారు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దశాబ్దాలు ఫైళ్ళు నడిపిన అనుభవంతో ఒక సంగతి చెప్పవచ్చును. ఇటువంటి అర్జీ లోపలికి వచ్చినప్పుడు దానిని ఎవరూ తిరస్కరించరు. తిరస్కరిస్తే కారణం వ్రాయాలి కదా. ‘తగు చర్య నిమిత్తం’ అని మరొక కార్యాలయానికి పంపుతారు. ఇళ్ళు కట్టిన శాఖ, తాము కట్టి ముగించామంటుంది. స్థానిక సంస్థ, కాలనీని తమకు ఇంకా అప్పగించలేదంటుంది. ఇద్దరి మాటా కాగితం ప్రకారం నిజమే కావచ్చు. అప్పగింత పత్రం మీద ఒకరి సంతకం ఉండి రెండవవారి సంతకం లేకుండా ఏళ్ళు గడిచిన కాలనీలను ఈ వ్యాసకర్త చూచి ఉన్నాడు. కనుక కాలువ బాగుచేయండి అని అడగడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: మా కాలనీ రోడ్డు, కాలువ, బోరు, ట్యాంకు, ఖాళీ జాగా ఏ తేదీన ఎవరికి అప్పగించబడినాయి? ఆ పత్రం నకలు ఇప్పించండి. సమాచార హక్కు చట్టం 2005 కింద పది రూపాయల రుసుముతో అడగదగిన ప్రశ్న ఇది. జవాబు ఇవ్వడానికి ముప్పై రోజులు గడువు. అప్పగించామని జవాబు వస్తే బాధ్యుడు దొరికినట్లు. అప్పగించలేదని వస్తే, ఎవరి చేతిలో ఉన్నదో వారే బాధ్యులు. రెండు విధాలా మనకు లాభమే. కాలువ గురించి వ్రాసే వంద అర్జీలకంటె ఈ ఒక్క కాగితం బలమైనది.

అయితే ఉట్నూర్‌లో మనవారు అర్జీ వ్రాయడానికే వెనుకాడతారు. దీనికి కారణం బద్ధకం కాదు, భయం. ఇది అయిదవ షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను మార్చిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ ప్రకారం, జనం నోట వన్ ఆఫ్ సెవెంటీ ప్రకారం, ఇక్కడ భూమి గిరిజనేతరుల పేరిట మారదు. తాత ముత్తాతల నాటినుండి ఇక్కడే ఉన్న ముస్లిం కుటుంబాలలో చాలామంది చేతిలో ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప పట్టా లేదు. ‘కాలువ సంగతి అడిగితే పట్టా సంగతి అడుగుతారు’ అన్న మాట ఇక్కడ ఇంటింటా వినిపిస్తుంది. అడగకపోవడమే క్షేమమని ఊరుకుంటారు.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. ఆదివాసుల భూమికి ఆ రక్షణ ఎందుకు వచ్చిందో, ఎందుకు ఉండాలో ఇంద్రవెల్లి స్తూపం పక్కనుంచి రోజూ బస్సులో వెళ్ళే మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1981 ఏప్రిల్ 20న అక్కడ పోలీసు కాల్పులలో రక్తం చిందించిన గోండులు భూమి కోసమే సభకు వచ్చినవారు. ఆ చట్టాన్ని సడలించమని అడగడం మన పని కాకూడదు, కాదు. కానీ పట్టా ప్రశ్న వేరు, కాలువ ప్రశ్న వేరు. మనిషి నివసిస్తున్న చోట మురుగు తొలగించడం, దీపం వెలిగించడం, తాగునీరు ఇవ్వడం స్థానిక సంస్థ చేయవలసిన పనులు. అవి భూమి హక్కును చూచి ఇచ్చే దానాలు కావు. ఇంటిపన్ను రసీదు వల్ల భూమి మీద హక్కు రాదు, నిజమే. అదేవిధంగా, భూమి మీద హక్కు లేదు గనుక మీ వీధి కాలువ మేము తీయము అనడానికీ చట్టంలో చోటు లేదు.

ఈ విషయంలో మనకు అండగా నిలిచే తీర్పు ఒకటి ఉన్నది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వీధివారు తెరిచి ఉన్న మురికి కాలువల దుర్గంధం భరించలేక, మునిసిపాలిటీని కదిలించలేక, చివరకు మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళారు. పక్కనున్న పేదలకు మరుగుదొడ్లు లేక ఆ వీధి పక్కనే కూర్చోవలసి వచ్చేది; ఒక సారా కర్మాగారం మురుగు కూడా అక్కడికే వచ్చేది. మేజిస్ట్రేటు ఆరు నెలల గడువు పెట్టి పథకం వేయమన్నాడు. మునిసిపాలిటీ ఆ ఉత్తర్వు మీద పై కోర్టులకు వెళ్ళింది. దాని వాదన ఒక్కటే: మా దగ్గర డబ్బు లేదు. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ చిన్నపరెడ్డి ఆ వాదనను త్రోసిపుచ్చారు. ప్రజల ఆరోగ్యాన్ని కాపాడవలసిన సంస్థ డబ్బు లేదన్న సాకుతో తన విధినుండి తప్పించుకోజాలదని నిర్ణయించారు. ఆ పేదలను వెళ్ళగొట్టమని చెప్పలేదు, వారికి మరుగుదొడ్లు కట్టమన్నారు. మురికికి మూలం పేదవాడు కాదు, పేదవాడికి సదుపాయం ఇవ్వని వ్యవస్థ అని ఆ తీర్పు గుర్తించడం మనకు ముఖ్యం.

రత్లాం వాసులు వాడుకున్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను. 2024 జూలై 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే అధికారం 152వ సెక్షనులో ఉన్నది. ప్రజలకు బాధ కలిగించే అపరిశుభ్రతను తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చును. ఉట్నూర్ రెవెన్యూ డివిజన్ కేంద్రం. అంటే ఆ అధికారి కార్యాలయానికి మనం బస్సెక్కి పోనక్కరలేదు. మొదటి అడుగులోనే దీనిని వాడమని చెప్పడం లేదు. పంచాయతీకి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకొని, గడువు ఇచ్చి, జ్ఞాపికలు పంపి, అయినా కదలనప్పుడు వాడవలసినది. ఆ రసీదులన్నీ అప్పుడు సాక్ష్యాలవుతాయి. అందుకే నోటిమాటగా సర్పంచికో, వార్డు సభ్యునికో చెప్పి రావడాన్ని మేము అర్జీగా లెక్కపెట్టము. ఒక కాగితం మీద ఒకే సమస్య వ్రాయండి. పది సమస్యలు కలిపి వ్రాస్తే పది కార్యాలయాల మధ్య అది తిరుగుతుంది. సంతకం పక్కన ఇంటి నంబరు వేయండి. నకలు మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ, ముద్ర వేయించుకోకుండా బల్ల దగ్గరనుండి కదలకండి. గుమాస్తా విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలి. పారిశుద్ధ్యం, వీధిదీపాలు అందులో చర్చకు వచ్చే విషయాలు. మన మగవారిలో ఎందరు గ్రామసభకు వెళుతున్నారు? ఆడవారిలో ఎందరు? షెడ్యూల్డు ప్రాంతంలో సర్పంచి పదవి ఆదివాసులకే కేటాయింపు గనుక ‘అది వారి సభ’ అనుకొని దూరంగా ఉండేవారున్నారు. ఇది చాలా నష్టం చేసిన ఆలోచన. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడూ గ్రామసభ సభ్యుడే. ట్రాక్టరు చెత్త ఎత్తడానికి ఏ వీధికి ఏ రోజు రావాలో ఆ సభలో అడిగి తీర్మానంలో వ్రాయించుకున్న వీధికి, ఇంట్లో కూర్చొని తిట్టుకున్న వీధికి తేడా ఉంటుంది.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వద్దాము. నివాసులు కూడా డబ్బు వేసుకోవాలా? కొందరు మిత్రులు పైసా ఇవ్వకూడదంటారు; ఇస్తే ప్రభుత్వం చేతులు దులుపుకొంటుందని వారి భయం. ఆ భయం నిరాధారమైనది కాదు. అయినా మేము వారితో పూర్తిగా ఏకీభవించము. వీధి కాలువ, వీధిదీపం, తాగునీటి పైపు, చెత్త తరలింపు పన్నుల సొమ్ముతో జరగవలసిన పనులు. వీటికి చందా వేసుకోవడం అంటే ఒకే సరుకుకు రెండుసార్లు వెల కట్టడం. లిఫ్టు కూడా ఇంతే. పేదలకు పది అంతస్తుల మేడ కట్టాలని నిర్ణయించింది పేదలు కాదు. లిఫ్టు కంపెనీతో ఏటేటా చేసుకోవలసిన మరమ్మతు ఒప్పందం భారం కూలిపని చేసుకునేవారి మీద వేయకూడదు. సింగపూరులో ప్రభుత్వ గృహ సముదాయాలకు 1988లో చట్టం చేసి టౌన్ కౌన్సిళ్ళు పెట్టారు. నివాసులు నెలనెలా చెల్లించే రుసుములో ఒక భాగాన్ని విడిగా నిధిలో వేస్తారు. లిఫ్టు మార్చడం, పైకప్పు బాగుచేయడం వంటి పెద్ద ఖర్చులు దానినుంచి చేస్తారు, ప్రభుత్వం కూడా సహాయధనం ఇస్తుంది. మన దగ్గర ఇళ్ళ ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది, అటువంటి నిధికి మాత్రం బడ్జెట్టులో పద్దు ఉండదు.

మెట్లు ఊడ్చడం, మెట్ల దగ్గర దీపం, పైట్యాంకు కడగడం, ఆవరణలోని చిన్న మరమ్మతులు మాత్రం కలిసి చేసుకోవలసినవే. ఒక బ్లాకులో 24 ఇళ్ళున్నాయనుకుందాము. ఇంటికి నెలకు 50 రూపాయలు వేస్తే 1,200, ఏడాదికి 14,400. ఇంతటితో అద్భుతాలు జరగవు, కానీ మోటారు కాలిపోయిన రోజు నీళ్ళు మోసే వారం ఉండదు.

ఉమ్మడి స్థలాన్ని ఎట్లా చూసుకోవాలో మనకు చేతకాదా? మన మస్జిదులను చూడండి. వుజూఖానా నల్లా కారితే సాయంత్రానికి బాగవుతుంది. చందాకు రసీదు ఉంటుంది, లెక్క గోడ మీద అంటిస్తారు, మౌజన్ సాబుకు జీతం ఆగదు. గేటు దాటి నాలుగడుగులు వేస్తే అదే మనుషుల వీధిలో కాలువ పొంగి పారుతుంటుంది. మనుషులు వారే. తేడా ఎక్కడున్నదంటే, మస్జిదుకు కమిటీ ఉన్నది, రిజిస్టరు ఉన్నది, అడిగేవారున్నారు. వీధికి లేరు. కానీ ఒక హెచ్చరిక చేయక తప్పదు. కాలనీ కమిటీని మస్జిదు కమిటీకి అనుబంధంగా పెట్టుకోవడం తగదు. కాలనీలో పక్క ఇల్లు గోండుదో, మాదిగదో, లంబాడాదో అయి ఉంటుంది. కాలువ వారి ఇంటి ముందునుంచే వచ్చి మన ఇంటి ముందుకు చేరుతుంది. వారు లేని కమిటీకి పంచాయతీ ముందు సగం బలమే, అదీ ఒక మతంవారి గొడవగా కనబడుతుంది. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషను చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేయించవచ్చును. ఆ ఏడుగురిలో అన్ని వాడలవారూ ఉండాలి. కనీసం ముగ్గురు స్త్రీలుండాలి, పేరుకు కాదు. డబ్బుపెట్టె తాళం వారి చేతిలో ఉంటే మరీ మంచిది. దీపం లేని దారిలో చీకటిపడినాక నడవడం అంటే ఏమిటో వారికి తెలిసినంత మనకు తెలియదు.

చివరగా అద్దెకున్నవారి సంగతి. కేటాయించిన ఇంట్లో లబ్ధిదారుడు లేడు, మరొకరికి అద్దెకిచ్చాడు అన్న ఫిర్యాదు ప్రతి కాలనీలోనూ ఉన్నది. అది నియమవిరుద్ధమే, దానికి అధికారులు వేరే విచారణ చేసుకోవచ్చు. కానీ ఆ వంకతో అద్దెదారులను సంఘంలోనుండి వెలివేస్తే నష్టపోయేది కాలనీయే. రోజూ ఆ మెట్లెక్కేది వారు, ఆ నల్లా పట్టేది వారు, వాన వస్తే ఆ కాలువ పొంగేది వారి గుమ్మంలోకి. ఎక్కడో పట్నంలో కూర్చున్న యజమానికంటె నెలకు 50 రూపాయలు ఇవ్వగలిగినవారూ, గ్రామసభకు రాగలిగినవారూ వారే. సంఘం నియమావళి వ్రాసుకునేటప్పుడు ‘ఇంటి యజమానులు’ అన్నచోట ‘నివాసులు’ అని వ్రాయండి.